గట్టివి అడిగితే గట్టువి

నా క్రూయిజర్ మోటార్‌సైకిల్ టైర్లు అరిగిపోతే, నిరుడు వానాకాలంలో ఏలూరులో ఒక షాపుకు తీసుకెళ్ళాను. పక్కనే కంప్రెసర్ రొద. "గట్టివి వెయ్యండి!" అని అరిచాను.

"ఏ ఊరండీ?" అన్నారు షాపు పెద్దాయన.

"కైకలూరండీ!"

ఆయన అర్థమైనట్టు తలూపారు. మా ఆవిడా నేనూ టీ తాగి వచ్చేసరికి, నున్నటి నా బండికి ట్రాక్టరు టైర్లలా ఇంతేసి బొడిపెలు!

"ఇవేంటండీ?"

"మీరడిగినవేనండీ. చేపల చెరువు గట్లమీద తిరగడానికి గట్టువి."

విప్పమనడానికి మొహమాటపడ్డాను. బండి గుర్రుమంటుంటే దారంతా జనం తిరిగి చూశారు. మా ఆవిడ సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అట్నుంచటే వాళ్ళక్క ఇంటికి వెళ్ళే దారిలో చెరువు గట్టు ఎక్కామో లేదో, వాన దంచింది. రెండువైపులా నిండు చెరువులు, కింద జారుడు బంకమట్టి. "ఏవండీ, నాకు ఈత రాదండీ!" అంటూ మా ఆవిడ ఏడుపు లంకించుకుంది. బండి మాత్రం ఎక్కడా జారకుండా మమ్మల్ని గట్టు దాటించింది. నేను కోరినవే వేసుంటే ఆరోజు చేపలతో కాపురమే!

తర్వాత షాపుకెళ్ళి, అదే రొదలో, "మీ టైర్లు గట్టిగా ఉన్నాయండీ!" అన్నాను.

పెద్దాయన మురిసిపోయారు. "గట్టుకేగదండీ వేసింది!"

ఈసారి నేను కావాలనే సరిదిద్దలేదు.