ఎడమకాలి పట్టీ

దయ్యం కథ ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఒక్కటే: "దీనివల్ల నీకేం లాభం?" కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. ఫలానా గదిలో ఏదో ఉందని పుకారు పుడితే, ఎవరో దాని అద్దె తగ్గించే ప్రయత్నంలో ఉన్నారని నా లెక్క. పుట్టి పెరిగింది కామాఠిపురాలో. ఇంటికొక్క గది చొప్పున ఉండే మా చాల్‌లో మనుషులకే చోటు చాలదు, దయ్యాలకు ఎవరిస్తారు? ఇప్పటికీ నమ్మను. ఇది దయ్యం సంగతి కాదనే అనుకుంటున్నాను. మరేమిటో మీరే తూచి చెప్పండి.

మా ఆయన మల్లేశ్‌ది మోటార్ సైకిల్ మీద తిరిగే ఉద్యోగం. క్లినిక్‌ల నుంచి రక్తం శాంపిళ్ళు తెచ్చి ల్యాబులో ఇస్తాడు. షుగర్ ఉన్న మనిషి. ఒకసారి బండి జారి మోకాలు చీరుకుపోతే ఆ పుండు మానడానికి ఒక వానాకాలమంతా పట్టింది. "మళ్ళీ ఇలాంటి దెబ్బ తగిలితే కాలు దక్కుతుందని చెప్పలేను" అన్నాడు డాక్టరు. ఆయనతో కాదు, నాతో.

ఆ రోజు నుంచి మల్లేశ్‌కు కవచం తొడిగే పని నాదయింది. హెల్మెట్ కొత్తది కొన్నాను. తల విషయంలో బేరమాడలేదు, అంటే కడుపు నిండా ఆడలేదు. మోచేతుల దగ్గర గట్టి ప్యాడ్లున్న జాకెట్టూ గ్లౌజులూ పాతవి దొరికాయి. చిక్కంతా కాళ్ళ దగ్గరే. దళసరి రైడింగ్ ప్యాంటు వేసుకోమంటే, "క్లినిక్‌లకు యూనిఫాం ప్యాంటుతోనే పోవాలె. రోడ్డు మీద ఇడిచి మార్చుకోమంటవా?" అన్నాడు.

నాగ్‌పాడా దాటాక శుక్రవారం పొద్దున పేవ్‌మెంట్ మీద పాత సామాన్లు పరుస్తారు. అక్కడ ఒక ముసలామె ముందు రెండు స్టీలు గిన్నెలు, ఒక టేబుల్ ఫ్యాను, వాటి పక్కన ఒక తోలు ప్యాంటు కనిపించాయి. చేతిలోకి తీసుకుంటే వెనక భాగం లేదు. చాప్స్ అంటారట. మామూలు ప్యాంటు మీదనే నడుముకు బెల్టు పెట్టుకుని, కాళ్ళ పక్కన పైనుంచి కిందికి జిప్పులు లాక్కోవాలి. బండి దిగగానే తీసి తగిలించొచ్చు. నాకు కావలసింది అదే. కావలసింది కనపడగానే మొహం చిట్లించడం మా నాన్న నేర్పిన మొదటి పాఠం.

"జిప్పు పట్టేస్తున్నది. ఎడమకాలికి కింద టిచ్ బటన్ గూడ లేదు, ఏదో బ్యాగు పట్టీ కుట్టిన్రు" అన్నాను.

"బటన్ ఊడితె పట్టీ నేనే కుట్టిన బిడ్డా. ప్యాంటు నా కొడుకు కుట్టుకున్నది. ధారావిల తోలు కార్ఖానల పని జేస్తుండె."

"ఇప్పుడేడి?"

"పోయిండు."

చాప్స్ కింద పెట్టేశాను. "బండి మీదనా?"

"కాదు బిడ్డా, కామెర్లు."

మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఎవరికని అడిగింది. మా ఆయనకు, పొద్దంతా బండి మీదే ఉంటాడని చెప్పాను.

"రోజూ తొడుగుతడా?"

"తొడగకుంటె ఇంట్ల బువ్వెక్కడిది?"

ఆమె నవ్వి నేనడిగిన ధరకే ఇచ్చేసింది. బేరమాడేవాళ్ళకు ఇంతకంటే అవమానం లేదు. ఇంకా తగ్గించి అడగాల్సిందని ఇల్లు చేరేదాకా కుమిలిపోతాం. అయితే వదిలే ముందు నా మణికట్టు పట్టుకుంది.

"ఒక్క మాట. ఈ పట్టీ ఆయనకందది. తోలు బిర్రుగుంటది, వంగనియ్యది. నా కొడుక్కు గూడ నేనే కడ్తుంటి. పొద్దుగాల నువ్వు కట్టి పంపు. కట్టినంక కొస లోపలికి మడిచి పెట్టు, లేకుంటె ఊడుతది." ఎలా మడవాలో చేసి చూపించింది. పేరు నర్సవ్వ అని చెప్పింది. పాలమూరు మనిషి, మా తాతల ఊళ్ళ వైపే.

"అట్లనే అవ్వా" అన్నాను. మాటకు పైసలు పడవు కదా.

మొదటి రోజు మల్లేశ్ అది తొడుక్కుని వరండాలోకి వస్తే చాల్ అంతా బయటికొచ్చింది.

"మల్లేశన్నా, ఎనక గుడ్డ తక్కువ పడ్డదా?" అని కుళాయి దగ్గర నుంచి ఒకామె కేకేసింది.

"సరోజక్క గంత బేరం జేస్తె సగం ప్యాంటే వస్తది మరి" అంది ఇంకొకామె.

మల్లేశ్ తల వంచుకుని మెట్లు దిగాడు. కానీ మానలేదు. డాక్టరు మాట ఆయనకూ గుర్తుంది.

నేనిచ్చిన మాట సంగతి ఏమైందంటే, ఏమీ కాలేదు. పాల బండి వచ్చేసరికి నేను మా కొట్టులో ఉండాలి. మల్లేశ్ లేచేసరికి సగం గల్లీకి పాలు పోసేసి ఉంటాను. "పట్టీ పెట్టుకో" అని ఒకసారి చెప్పి ఊరుకున్నాను. మధ్యాహ్నం టీకి కొట్టు దగ్గర ఆగినప్పుడు చూస్తే ఎడమకాలి పట్టీ శుభ్రంగా పెట్టి ఉండేది. కొస లోపలికి మడిచి కూడా. "ఫర్వాలేదే, బుద్ధొచ్చింది" అన్నాను. ఆయన టీ తాగుతూ ఊ కొట్టాడు. కొస ఎలా మడవాలో ఆయనకు నేను చెప్పలేదన్నది అప్పుడు నాకు తట్టలేదు.

వానలు మొదలయ్యాక గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర మల్లేశ్ బండి పడిపోయింది. రోడ్డు మీద నూనె. ఎడమవైపు పడి, బండితో పాటు దూరంగా జారాడు. ఎవరో ఫోన్ చేస్తే షటర్ లాగేసి పరిగెత్తాను. దారి పొడుగునా ఆ కాలే కళ్ళ ముందుంది. ఆసుపత్రిలో మనిషి బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. చాప్స్ మోకాలి నుంచి మడమ దాకా తెల్లగా గీక్కుపోయాయి. లోపల ప్యాంటు కూడా చిరగలేదు. చర్మం మీద గీత లేదు. నర్సు పట్టీ విప్పబోయి, "ఎవరమ్మా ఇంత గట్టిగా కట్టింది?" అని హిందీలో విసుక్కుంది.

బండి బాగుచేసిన మెకానిక్ కూడా ఆ పట్టీనే చూశాడు. అది వదులుగా వేలాడి ఉంటే వెనక చక్రం చువ్వల్లో పడేదనీ, కాలిని కూడా లోపలికి లాగేదనీ అన్నాడు.

"నువ్వు కట్టుకోబట్టి కాలు దక్కింది" అన్నాను మల్లేశ్‌తో.

"నేను కట్టుకోలే."

"మరెవరు కట్టిన్రు, మున్సిపాలిటోళ్ళా?"

"నాకు వంగొస్తదానే? ఒక్కనాడు గూడ కట్టుకోలే. గట్లనే ఇడిచిపెట్టి మెట్లు దిగుత. బండి కాడికి పోయి చూస్తె పెట్టి ఉంటది. యాదిలేక నేనే పెట్టుకుంటున్ననేమో అనుకున్న."

"మరి బుద్ధొచ్చిందని నేనంటె నోరు మూసుకున్నవేంది?"

"పెండ్లైనంక ఒక్కపారి మెచ్చుకున్నవ్. కాదంటనా?"

సరుకు చూడకుండా డబ్బిచ్చే మనిషిని కాను. ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు, కొట్టు మా మరిదికి అప్పజెప్పి నేను ఇంట్లోనే ఉన్నాను. మల్లేశ్ తలుపు దాటాడు. పట్టీ వేలాడుతోంది. నేను వెనకే నడిచాను. మెట్ల మలుపు దగ్గర ఆయన గోడ చాటుకు వెళ్ళాడు, రెండు అడుగుల సేపు. నేను మలుపు తిరిగేసరికి పట్టీ పెట్టి ఉంది. కొస మడిచి ఉంది. ఆయన వంగలేదు. వంగితే ఆ తోలు చేసే చప్పుడు వీధికి వినపడుతుంది. ఏమైనా తెలిసిందా అని అడిగితే, "కాలు జరంత బరువైతది. చిన్నపిల్లలు పట్టుకున్నట్టు. గంతే" అన్నాడు.

శుక్రవారం బజారులో నర్సవ్వ కనపడలేదు. పక్కన గిన్నెలు అమ్మే అతను చెప్పిన గుర్తులతో ధారావిలో ఆమె గది వెతుక్కున్నాను. ఆమె కూతురు కమల తలుపు తీసింది. చాప్స్ కొన్నది నేనేనని చెప్పగానే నన్ను లోపలికి రానివ్వకుండా గడప బయటే ఆపి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"అక్కా, అవి అమ్మినకాన్నుంచి అమ్మ ఓ తీరుగ జేస్తున్నది. పొద్దుగాల చాయ్ తాగుతది, గడప కాడ కూసుంటది. ముందటికి వంగి గాలిల ఏదో కడ్తది, మడుస్తది, 'పో బిడ్డా, పైలం' అంటది. అన్న ఉన్నప్పుడు గట్లనే పంపుతుండె. డాక్టరేమో వయసు అంటడు."

తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్ళింది. నర్సవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతివేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది. కోపం లేదు, అలసట ఉంది.

"నువ్వు కడ్తలేవు గదా బిడ్డా" అంది.

నోరున్నదాన్నని మా గల్లీలో పేరు. ఆ పూట బుకాయించబుద్ధి కాలేదు. "ఎట్ల తెల్సవ్వా?" అన్నాను.

"చేతులు గుంజుతున్నయి. నువ్వు కడ్తె నాకెందుకు గుంజుతయి?"

ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఆ రెండు చేతులూ నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఈసారి మాట ఇచ్చేటప్పుడు బేరం లేదు. పాల పని మా మరిదికి ఇచ్చేశాను. ఉత్తపుణ్యానికి చేయడు, వాటా అడిగాడు, ఇచ్చాను. రోజూ పొద్దున నేను మల్లేశ్ ముందు గొంతుక్కూర్చుని పట్టీ కట్టి, కొస లోపలికి మడుస్తున్నాను. "పో, పైలం" అంటే ఆయనకు సిగ్గు. కమల ఫోన్ చేసి, అమ్మ చాయ్ తాగి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటోందని చెప్పింది. వాపు కూడా తగ్గిందట.

దీన్ని ఎన్ని రకాలుగా తూచి చూసినా నాకు తూకం కుదరలేదు. మల్లేశ్ అబద్ధమాడాడనుకుందామంటే నా కళ్ళతో చూశాను. నా కళ్ళే తప్పనుకుందామంటే, నేను వెళ్ళకముందే కమల తన తల్లిని అలా చూసింది. తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే వింటాను.

మొన్న నాకు జ్వరం వచ్చి లేవలేకపోయాను. మల్లేశ్ నన్ను లేపకుండా, పట్టీ అలాగే వేలాడేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన బండి చప్పుడు ఇంకా గల్లీ దాటలేదు, ఫోన్ మోగింది. కమల.

"అక్కా, పానం బాగలేదా? అమ్మ అడుగుతున్నది."