చలివేంద్రం వెనక తలుపు

వరంగల్ గంజ్‌లో ధాన్యం వ్యాపారులు బస్తాకు ఇంత అని ధర్మానికి తీసిపెట్టేవాళ్ళు. ఎండాకాలం చలివేంద్రం ఆ ధర్మంతోనే నడిచేది. అందులో నీళ్ళు పోసే మనిషి యాకమ్మ. చెంబు పైకెత్తి, దోసిట్లోకి సన్నగా ధార కట్టేది. తాగేవాడు తల ఊపేదాకా ఆపేది కాదు. హమాలీలు వరసగా ఒంగి నిలబడి, "అక్కా, ఇంకింత పొయ్యి" అనేవాళ్ళు.

ఆమెతో మాట్లాడేది కూడా వాళ్ళే. భర్త కట్టయ్య బొంబాయి లారీ నడిపేవాడు. చిక్కి శల్యమై, దగ్గి దగ్గి పోయాడు. అందరూ క్షయ అన్నారు. దినాలు కాగానే అత్తగారు కోడలి బట్టల మూట వాకిట్లో పెట్టింది. అప్పటినుంచీ యాకమ్మది కాశిబుగ్గలో ఒక కిరాయి గది. ఒక్కదానికి రెండు పూటలా ఏం వండుకుంటుంది? పొద్దుటి అన్నమే రాత్రికీ తినేది. గంజ్ మూసిన రోజు ఆమె నోట మాట వచ్చే పనే ఉండేది కాదు.

కట్టయ్యకు వైద్యం చేసిన డాక్టర్ శకుంతలకు అతని చావు మీద అనుమానం ఉండేది. యాకమ్మ రక్తం హైదరాబాద్‌కు పంపించింది. ఎయిడ్స్ అని తేలింది. అది ఎనభై తొమ్మిది. ఆ పేరు పేపర్లో చదివినవాళ్ళే తప్ప రోగిని చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. మందు లేదు. సంగతి ఆ ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

డాక్టరమ్మ ఊరుకునే రకం కాదు. వ్యాపారుల సంఘం పెద్ద సారంగపాణికీ, లారీ ఓనర్ల పెద్ద రాజేశ్వర్ రావుకూ కిరాయిల దగ్గర ఎప్పుడూ పేచీయే. అలాంటి ఇద్దరినీ ఒక్క బల్ల ముందు కూర్చోబెట్టింది. వ్యాపారులు ధర్మం డబ్బుతో గది ఇవ్వాలి, ఓనర్లు పరీక్షల ఖర్చు, నిరోధ్‌లు, దగ్గుకూ జ్వరానికీ మందులు చూసుకోవాలి, రోగులను తను చూస్తుంది. డ్రైవర్లు ముందే చూపించుకుంటే వాళ్ళ ఆడవాళ్ళన్నా మిగులుతారని ఆమె ఆశ.

"ఎవ్వలు చూడని దినం పెట్టుండ్రి. గంజ్ బంద్ ఉండేది అమాసనాడే గద" అన్నాడు సారంగపాణి.

అందరికీ నచ్చింది. తెలివైనవాళ్ళందరూ కలిసి వేసిన తప్పటడుగు అది. అమావాస్యనాడు కొత్త పనికి గడప దాటేవాడు ఎవడు? దాటినా, ఖాళీ గంజ్‌లో ఒక్కడు నడిస్తే ఊరందరి కళ్ళూ వాడి మీదే. అమావాస్య తర్వాత అమావాస్య, లోపల డాక్టరమ్మ, గది ఊడ్చిన యాకమ్మ, ఇద్దరే ఎదురెదురుగా కూర్చున్నారు.

ఉగాది వెళ్ళాక రాజేశ్వర్ రావు మొహమాటం లేకుండా చెప్పాడు. "ఈ ఎండకాలం చూస్తం డాక్టరమ్మా. ఒక్క డ్రైవరన్నా రాకపోతె మా పైసలు బంద్ చేస్తం. ఏమనుకోవద్దు."

అప్పుడు గదిని బజారు రోజులకు మార్చారు. దాని తలుపు చలివేంద్రం వెనకే ఉంది. నీళ్ళు తాగే గుంపులోంచి ఎవడు లోపలికి జారినా తెలియదు. అయినా ఎవడూ జారలేదు.

యాకమ్మకు గుబులు పట్టుకుంది. ఈ గది అప్పుడే ఉండి ఉంటే కట్టయ్యకు తెలిసేది, తనకు అంటేది కాదు. ఇప్పుడిది కూడా మూతపడితే ఇంకెంతమంది ఆడవాళ్ళ మూటలు వాకిట్లో పడతాయో.

ఒక మిట్టమధ్యాహ్నం మొండయ్య వచ్చి దోసిలి పట్టాడు. కట్టయ్యతో కలిసి బొంబాయి లారీ నడిపిన డ్రైవరే. చొక్కా వేలాడుతోంది, దగ్గుతో నీళ్ళు గొంతు దిగడం లేదు.

"అన్నా, గిట్ల ఎండిపోతానవ్ ఏంది? ఎనక డాక్టరమ్మ ఉన్నది. జర చూపిచ్చుకో."

"ఆ గదిలకా? నాకేం పాడు రోగం ఉన్నదనే? నోరు మంచిగుంచుకో చెల్లె."

మొండయ్య వెనక్కి తిరిగాడు. పోనిస్తే కట్టయ్య దారే. యాకమ్మ చెంబు దించలేదు.

"నాకున్నదన్నా. మీ కట్టయ్యకున్నదే నాకు అంటింది. నీ పెండ్లానికి అంటియ్యకు."

ఆ మాట వరసలో ఉన్న అందరికీ వినిపించింది. దోసిళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. ధార నేల మీద పడింది.

డాక్టరమ్మ బయటికి వచ్చి, నీళ్ళతో అంటదని అరిచి చెప్పింది. యాకమ్మ చేతనే పోయించుకుని తాగి చూపించింది. హమాలీలు బుద్ధిగా తలలూపి, బోరింగు దగ్గరికి పోయారు.

మొండయ్య ఆ వారంలోనే గదికి వచ్చాడు. అతన్ని చూసి ఇంకొకరు, ఆ తర్వాత పరకాల వైపు లారీల డ్రైవర్లు. పైసలు ఆగలేదు. సారంగపాణి, రాజేశ్వర్ రావు ఒకరికొకరు చాయ్ తాగించుకున్నారు. యాకమ్మను మాత్రం ఎవరూ పిలవలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తనదీ భార్యదీ రక్తం పరీక్ష కాగితం హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు మొండయ్య గదిలోంచి చాలాసేపటికి బయటికొచ్చాడు. అతనికీ ఉంది. ఇంటావిడకు లేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. యాకమ్మ చెంబు ముంచి లేచి నిలబడింది. ఈ ఒక్కడన్నా తాగుతాడనుకుంది.

"ఇంటామెకు లేదట చెల్లె. నీ పేరు చెప్పుకొని బతుకుత" అన్నాడు. చేతులు జోడించాడు. ఆ చేతులు విప్పి దోసిలి పట్టలేదు. ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళ్ళి గ్లాసు నీళ్ళు అడిగాడు.

సాయంత్రం యాకమ్మ నిండు కుండలు ఒక్కొక్కటే తొట్టిలోకి వంచింది. బండ్ల ఎడ్లు వచ్చి తాగాయి.