ఎంటర్ మీద అరచేయి

మా పక్కింటి చిచ్చా పోయారని మొన్న పొద్దున ఆయన భార్య, మా చాచీ, కబురు పంపింది. ధర్మవరంలో మగ్గాలు ఎప్పటిలాగే ఆడుతున్నాయి. అవి ఆగలేదని నాకెంత కోపం వచ్చిందో!

చిచ్చా పట్టుచీరల అంచులు గీసేవారు. మొదట గళ్ల కాగితం మీద, తర్వాత లినక్సు నడిచే ఒక పాత కంప్యూటర్ మీద. ఆ పని నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, వేడిగాలికి ఉబ్బే కిటికీ పరదా, చిచ్చా అత్తరు వాసన. నిద్రో మెలకువో తెలియని ఆ మధ్యాహ్నాలు కలలో గడిపినట్టే ఉన్నాయి.

నేను తెలియని కమాండు కొట్టబోతే చాలు, ఎంటర్ మీటకు అరచేయి అడ్డం పెట్టేవారు.

"ఏమ్మా, అదేం చేస్తాదో తెలుసునా?"

"నువ్వే చెప్పు చిచ్చా."

"నన్నెందుకు? దాన్నే అడుగు. మ్యాన్ అని కొట్టి పక్కన దాని పేరు కొట్టు. కథంతా చెప్తాది."

"పేరే తెలీకపోతే?"

"ఆప్రొపో అని కొట్టి, కావాల్సిన పని చెప్పు. పేరు అదే చెప్తాది."

అంత పొడుగు వివరణ చూసి నేను విసుక్కుంటే నవ్వేవారు. "నిదానంగా చదవమ్మా. అది యాడికీ పోదు, నేనూ యాడికీ పోను." పోయారు కదా, చెప్పాపెట్టకుండా!

నిన్న చాచీ పిలిచింది. కంప్యూటర్‌లో డిస్కు చెడిపోయే ముందులా టకటకమంటోంది. "ఆయన గీసిన అంచులన్నీ ఈ డబ్బాలోనే ఉండాయి. ఇంగ యాడా లేవు. పోతాయా అమ్మా?" అంది. కొత్త డిస్కు తెచ్చి తగిలించి, బెంగళూరులోని స్నేహితుడికి రెండు డిస్కుల పేర్లూ చెప్పాను. డిస్కునంతా కాపీ చేసే డిడి కమాండు రాసి పంపాడు. "అట్లే కొట్టెయ్" అన్నాడు.

కొట్టాను గానీ, ఎంటర్ నొక్కడానికి మనసొప్పలేదు. అది చెరిపేసి మ్యాన్ డిడి అని అడిగాను. నిదానంగా చదివాను. ఐఎఫ్ అంటే దేన్నుంచి తీయాలో, ఓఎఫ్ అంటే దేనిలో రాయాలో. మా వాడు ఆ రెండూ తారుమారు చేశాడు. నొక్కి ఉంటే కొత్త డిస్కులోని ఖాళీ వచ్చి చిచ్చా అంచులన్నిటినీ తుడిచేసేది. ఈ ఒక్క అలవాటు నేర్పినందుకే ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

సరిచేసి నొక్కాను. పని ముగిసేదాకా డిడి ఒక్క మాటా చెప్పదు. పొద్దు వాలేవేళకు ముగిసింది. కొత్త డిస్కులోంచి ఒక అంచు తెరిచాను. తెర నిండా మామిడి పిందెలు. చాచీ దగ్గరికి వచ్చి, చేతిలో చీర ఉన్నట్టే, బొటనవేలితో ఆ అంచును మెల్లగా తడిమి చూసింది.