రెండో ఫ్యూజు

2023 ఫిబ్రవరి 12, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. మా ఉక్కు పట్టణం శివారు పర్సుడీహ్‌లో మా తమ్ముడి రేకుల షెడ్డులో, అతని కారు వెనక సీటు తీసేసిన చోట మోకాళ్ల మీద కూర్చుని నేను రెండో ఫ్యూజు బిగించాను. మొదలు అదే.

కారు చిన్నదే. తమ్ముడు పగలు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తూ, మిగిలిన వేళల్లో నాలుగేళ్లపాటు దాని ఇంజనును తన చేతులతో తిరిగి కట్టాడు. ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే టర్బో అమర్చాక దాని బలం మూడింతలైంది. అంత బలానికి ఒక పెట్రోలు పంపు చాలదు కనుక ట్యాంకులో రెండు పెట్టాడు. బిష్టుపూర్ బజారు దాకా వెళ్లిరావడానికి ఒకటే సరిపోతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే రెండూ కావాలి. రాంచీలో రేసు కార్లు తయారుచేసే వర్క్‌షాపు యజమాని ఒకాయన, మార్చి నెల పందెంలో ఆ ఇంజను పరుగు చూసి, నచ్చితే పనిలో పెట్టుకుంటానని మాట ఇచ్చాడు. కాంట్రాక్టు పని నుంచి బయటపడటానికి తమ్ముడికి కనిపించిన దారి అదొక్కటే.

రెండు పంపులకూ కలిపి ఒకే ఫ్యూజు చాలునన్నాడతను. నేను ఒప్పుకోలేదు. నా ఉద్యోగం ఉక్కు ఫ్యాక్టరీలో, కొలిమికి చల్లటి నీరు పంపే పంపు హౌసులో. అక్కడ ఒక పంపు ఆగితే పక్కది అందుకోవాలి. నీరు ఆగితే కొలిమి గోడ నిలవదు. అందుకని దేని తీగ దానికి, దేని ఫ్యూజు దానికి విడివిడిగా ఉంటాయి.

"అప్పా, ఇది నీ పంపు హౌస్ కాదు," అన్నాడు తమ్ముడు. మా ఇళ్లలో అక్కను అలాగే పిలుస్తాం. "ఒకటి సచ్చిందంటే రెండోదీ ఆగిపోవాల. ఇంజను ఆగితే నెట్టుకుంటా వచ్చెత్తాను."

"నెట్టడానికి నన్ను పిలవకు," అన్నాను. "ఇరవై రెండేళ్లుగా సేత్తన్న పని నాకు నేర్పుతావేట్రా?"

అతను నవ్వి స్క్రూడ్రైవరు నా చేతికిచ్చాడు. నా మాట కాదనడం అతనికి అలవాటు లేదు. ఆ సంగతి తెలిసే మాట్లాడాను.

మార్చి 19, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. పందెం కోసం అద్దెకు తీసుకున్న పాత రన్‌వే. కారు సగం దూరం దాటేసరికి ఒక పంపు తిరగకుండా పట్టేసింది; దాని ఫ్యూజు కాలిపోయింది. రెండోది ఆగలేదు. ఇంజనుకు గాలి నిండుగా, పెట్రోలు సగమే అందింది. గాలికి తగ్గ పెట్రోలు లేకపోతే లోపలి మంట మరీ వేడెక్కుతుంది; ఆ వేడికి పిస్టను కరిగింది. ఒకే ఫ్యూజు ఉండి ఉంటే పంపులు రెండూ ఆగేవి, కారు మెల్లగా దొర్లి నిలిచేది, ఇంజను దక్కేది. వెనక తెల్లటి పొగ లేచినప్పుడే నాకు అర్థమైంది.

తమ్ముడు ఫ్యూజుల పెట్టె మూత తీసి చూశాడు. కాలనిదాన్ని వేలితో తాకాడు.

"నీ రెండోది బాగా పనిసేసిందప్పా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు కోసం వెతికాను, లేదు.

రాంచీ యజమాని వచ్చి, ఫ్యూజులు చూసి, ఈ వైరింగు ఎవరిదని హిందీలో అడిగాడు. "మేరా హై, సర్," అన్నాడు తమ్ముడు, తనదేనని. నేను నీళ్ల సీసా పట్టుకుని పక్కనే ఉన్నాను. నాకు హిందీ బాగా వచ్చు. నోరు తెరవలేదు. ఆయన తల ఊపి తరువాతి కారు దగ్గరికి నడిచాడు.

ఆ తరువాతి ఆదివారం ఆయనకు ఫోను చేసి తప్పు నాదని చెప్పాను. మర్యాదగా విని, మరొకరిని తీసుకున్నామన్నాడు. ఈ సంగతి తమ్ముడికి చెబితే ఊరట కలుగుతుందనుకున్నాను. అతను చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"ఎందుకు సేసినావప్పా ఫోను? తప్పు సేసినోడనే అనుకున్నాడు ఇంతవరకూ. ఇప్పుడు అక్క మాటకి తలూపీ మేస్త్రీ అనుకుంటాడు."

తమ్ముడు ఇప్పటికీ ఆ కాంట్రాక్టులోనే ఉన్నాడు. ఇంజను మళ్లీ కడుతున్నాడు, పంపులకు ఒకే ఫ్యూజుతో.

పోయినవి: మూడో సిలిండరు పిస్టను, ఒక పంపు, రాంచీ కొలువు. పని మొదలెట్టే ముందు "ఏటంతావప్పా" అని అడిగే అలవాటు.

మిగిలినవి: రెండో పంపు, కాలని దాని ఫ్యూజు. ఆదివారాలు అతను పని చేసుకుంటుంటే నేను పట్టుకునే టార్చిలైటు.