మా డాక్టర్ సాబు అరువు రోగాలు

మా అంబాదాస్ డాక్టరు గారు నిజంగా జబ్బుపడగా నేను చూడలేదు. కానీ సోలాపూర్‌లో ఆయన చూపించుకోని డాక్టరు లేడు. బొంబాయి నుంచి వచ్చే వైద్య పత్రిక విప్పితే రెండో పేరాకల్లా గురక పెట్టేవారు.

"కాయితాల ఏముంది నరసయ్యా! ఇంకో డాక్టర్ ముంగట నాలుక చాపి కూసుంటే వచ్చేదే విద్య" అని, నేతగాళ్ల పేటలోని దవాఖానను కాంపౌండరునైన నాకు అప్పగించి బయలుదేరేవారు.

"ఇయ్యాల ఏం రోగం సాబ్?"

"మోకాలు నొప్పి. స్టేషన్ కాడ కొత్త డాక్టర్ వచ్చిండట. ఏం మందిస్తడో చూడాలె."

కుంటుకుంటూ వెళ్లి, ఈల వేసుకుంటూ వచ్చేవారు. తర్వాతి వారం గుండెదడతో వెళ్తే ఆ డాక్టరు గుర్తుపట్టి, "రోగం పైకెక్కుతోంది. వచ్చే వారం తలకే!" అన్నాడట.

1935లో మా సందు చివర గోదావరీబాయి అనే డాక్టరమ్మ బోర్డు కట్టింది. పేటలో ఆడవాళ్లు మగ డాక్టరుకు చెయ్యి చూపడానికే సిగ్గుపడేవారు. అయినా ఒక్కరూ ఆమె గడప తొక్కలేదు. "చిన్నపోరి, గామెకేం తెలుస్తది?" అని మగ్గాల దగ్గరే తీర్పు చెప్పేశారు. పాపం, ఆమె పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే మా డాక్టరు గారికి కడుపునొప్పి పట్టుకుంది. రోజూ పొద్దున, నల్లా దగ్గర ఆడవాళ్లు చేరే వేళకు, మూలుగుతూ సందంతా నడిచి వెళ్లి ఆమె అరుగు మీద కూర్చునేవారు.

"ఏం డాక్టర్ సాబ్! నీకే డాక్టర్ కావాల్సొచ్చిందా?" అంది బిందె నింపుకుంటున్న సీతాబాయి.

"నా మందు నాకే పనిచేస్తలేదమ్మా. గీ డాక్టర్ బాయి మందుకు తగ్గుతున్నది."

వారం తిరక్కుండా ఆ అరుగు నిండింది. మా బల్ల బోసిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"సాబ్, మీ చదువు జేయబట్టి మన ఆడ పేషెంట్లందరు అటే పోతున్నరు!"

"సీతాబాయి కోడలు చంద్రభాగ గూడ పోయిందా?"

"పోయింది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "బతికించినవ్ నరసయ్యా! నెలలు నిండుతున్నయి, కాళ్లు గట్ల వాచినయి. చూపించుకొమ్మంటే నన్ను జూసి తలుపేసుకునే. ఇంక భయంలేదు."

నేను లేచి ఖాళీ బల్ల తుడవడం మొదలుపెట్టాను.

చంద్రభాగకు కాన్పు కష్టమే అయింది. డాక్టరమ్మ పక్కనుండి తల్లినీ బిడ్డనూ దక్కించింది. మర్నాడు సీతాబాయి బెల్లం పట్టుకుని వచ్చింది.

"మనవరాలు పుట్టింది డాక్టర్ సాబ్! మా డాక్టర్ బాయి చేతుల దేవుడున్నడు. నువ్వు గూడ ఆమె దగ్గర జర నేర్చుకోరాదు?"

"నేర్చుకుంట తల్లీ" అని బుద్ధిగా తల ఊపి, మా డాక్టరు గారు ఇంకో బెల్లం ముక్క కోసం చెయ్యి చాపారు.