పెద్దమ్మ చాపని చెయ్యి

పోయిన ఆదివారం తిరుపతిలో మా మనవరాలు కొత్తగా పోతావుండే చర్చికి నన్నూ తీసకపోయింది. డ్రమ్ములు, మైకులు, నెత్తిన గిర్రున తిరిగే ఫ్యాన్లు. మీసాలు కూడా సరిగా మొలవని పాస్టరు "మీరు ఈడికి దేవుని కోసం వచ్చినారా, దేవుడిచ్చేదాని కోసం వచ్చినారా?" అని గొంతు చించుకున్నాడు. అందరూ చేతులెత్తి దేవుని కోసమే అని అరిచినారు. నేనెత్తలేదు. మోకాళ్ల నొప్పి తగ్గాలని వచ్చినదాన్ని, అబద్ధమెందుకు? మనవరాలు మోచేత్తో పొడిచింది. పొడిస్తే పొడవనీ. ఆ ప్రశ్నకు నిజం చెప్పిన మనిషిని నా జన్మలో ఒక్కదాన్నే చూసినాను, ఆమె మా పెద్దమ్మ. ఆ నిజం ఆమెను ఏం చేసిందో కూడా చూసినాను.

అవి యుద్ధం రోజులు. చిత్తూరులో చదువుకోవాలని మా అమ్మ నన్ను వాళ్లక్క ఇంట్లో పెట్టింది. పెద్దమ్మకు మొగుడు లేడు, ఒక్కడే కొడుకు. నన్ను బుజాన ఎక్కించుకొని ఊరంతా తిప్పిన అన్న. పట్టాళంలో చేరితే కడుపునిండా కూడు పెడతారంట అని చేరి, బర్మా పక్కకు పోయినాడు. బియ్యం యాడా దొరికేవి కాదు. రేషను అంగట్లో ఇచ్చిన దాంట్లో రాళ్లు ఏరి, పురుగులు చెరిగి, మిగిలింది వండుకోవాల. అయినా ఎసరు పెట్టిన ప్రతిసారీ పెద్దమ్మ పిడికెడు బియ్యం తీసి మూల ఉండే కుండలో వేసేది. మా చర్చి ఆడోళ్లందరికీ ఆ అలవాటు ఉండేది. వారమంతా కూడిన బియ్యం ఆదివారం తీసకపోయి కానుకగా పోసేవాళ్లు. కరువొచ్చి అందరి పిడికిళ్లూ చిన్నవయినాయి గానీ పెద్దమ్మ పిడికిలి పెద్దదయింది. దేవునికి బియ్యం, మాకు అంబలి. "ఇదేం న్యాయం పెద్దమ్మా, ఆకలేస్తాంది" అని నేనేడిస్తే, "నోర్ముయ్యే, మీ అన్న ఇంటికి రావద్దా?" అని కసిరేది.

మా చర్చి పాస్టరు అయ్యగారు మంచాయన. ప్రసంగం మొదలుపెడితే ఇంట్లో పొయ్యి మీద కూర మాడిపోవాల్సిందే, అదొక్కటే ఆయనతో చిక్కు. ఒక ఆదివారం, ప్రభువు బల్ల పెట్టి అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు, ఆయన కొండకు పోయేవాళ్ల మొక్కుబడుల మీద పడినాడు. "పని కావాలని వాళ్లు ముడుపు కడతారు. మనమూ అందుకే వస్తే తేడా ఏముందమ్మా? మిమ్మల్ని మీరు పరీక్ష చేసుకోండి. లోపల కల్మషముంటే రొట్టె ముట్టొద్దండి" అన్నాడు. ఎవర్నీ ఎత్తి పొడిచింది కాదు, బల్ల పెట్టిన ప్రతిసారీ చెప్పే మాటే. అందరూ తల వంచుకున్నారు, ఎప్పటిలాగే రొట్టె తీసుకున్నారు. పరీక్ష అంటే నిజంగానే పరీక్ష అనుకుంది పెద్దమ్మ ఒక్కతే. రొట్టె పళ్లెం చాపల వరసలో జరుగుతా ఆమె దగ్గరికొచ్చింది. చెయ్యి చాపలేదు. పక్కామెకు జరిపేసింది.

ఇంటి దోవలో ఎందుకట్ల చేసినావని అడిగినాను. "నేను కొడుకు కోసం పోతాండా గదే. ఆయన కోసం ఒక్కనాడన్నా పోయినానా అని ఎతుక్కుంటే యాడా కనబడలా" అనింది. ఆనాటి నుంచి బల్ల పెట్టినప్పుడల్లా అంతే. అడిగేది మానేస్తాను, మనసు బాగుపడినాక తీసుకుంటాను అని ఇంట్లో మోకాళ్లేసేది. నోరు తెరిస్తే వాని పేరే వచ్చేది. లేచి, "పాడు నోరు, పాడు నోరు" అని తన చెంపలు తానే వాయించుకునేది. నవ్వాలో ఏడవాలో నాకు తెలిసేది కాదు.

యుద్ధం అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఒకరొకరే రైలు దిగినారు. మాకు తంతి వచ్చింది. అన్న ఆడనే జ్వరంతో పోయినాడంట. ఆఖరుకు పిడికెడు మట్టి వేసే రాత కూడా మాకు లేకపాయె.

అయ్యగారు వచ్చి, నేల మీద కూర్చొని ఏడ్చినాడు. "దేవుడు తల్లి ప్రేమను తప్పు పట్టడమ్మా. నేనా మాట నీలాంటిదాన్ని అనలేదు. ఈసారన్నా రొట్టె తీసుకో" అని బతిమాలినాడు. పెద్దమ్మ కంట్లో తడి లేదు. "అయ్యా, ఇంక అడిగేదానికి నాకేముండాది? ఇప్పుడు పోతే ఉత్త ఆయన కోసమే గదా పోయేది అనుకొని, మొన్న ఒక్కదాన్నే పోయి కూర్చుంటి. ఆడ ఎవరూ లేరయ్యా" అనింది.

ఆమె మళ్లా చర్చి గడప తొక్కలేదు. మంచాన పడినప్పుడు అయ్యగారు రొట్టె ఇంటికే తెచ్చినాడు. ఆమె నోరు బిగించుకొని గోడ పక్కకు తిరిగి పండుకుంది. ఏండ్లు గడిస్తే దుఃఖం అదే తగ్గుతాదిలే అని ఆమెను ఓదార్చినోళ్లు ఎంతోమంది. ఏండ్లయితే గడిచినాయి, ఆమె తల నెరిసేట్టు చేసి, నడుము వంచి, ఆ ఒక్కదాన్నీ తగ్గించకుండానే.