మేడమ్‌ను పిలవని క్లాసు

గురువారం రెండో పీరియడ్ అయ్యాక ఫోన్ చూసుకున్నాను. మా మేడమ్ తెల్లవారుజామున గుండెపోటుతో పోయారని మెసేజ్. బీఎడ్‌లో ఉండగా ఇంగ్లీష్ పాఠం ఎలా చెప్పాలో నాకు నేర్పింది ఆవిడే. తిరుమలగిరి దగ్గర ప్రభుత్వ బడిలో పనిచేసి, మొన్న వేసవిలోనే రిటైరయ్యారు. నా క్లాసు చూడటానికి వస్తానని ఎన్నిసార్లు అన్నారో. నేనే పిలవలేదు.

కాన్వెంట్‌లో చదివాను కాబట్టి నాకు ఇంగ్లీష్ వచ్చు. నలుగురి ముందు నోరు మాత్రం ఏ భాషలోనూ పెగలదు. మేడమ్ బడిలోనే, ట్రైనీగా నా మొదటి పాఠానికి ఆరో తరగతి ఇచ్చారు. ఇంట్లో ఇంగ్లీష్ చెవిన పడని పిల్లలు. ట్రైనీలు చాలామంది చేసే పనే నేనూ చేశాను. ముందురోజే నలుగురు అమ్మాయిలకు జవాబులు బట్టీ పట్టించాను.

మేడమ్ వెనక బెంచీలో కూర్చున్నారు. నేను భయంలో మొదటి ప్రశ్న మర్చిపోయి, పుస్తకంలో బొమ్మలో ఉన్న ముసలావిడ ఎవరని రెండోది అడిగాను. మొదటి అమ్మాయి లేచి, "ఇట్ ఈజ్ రైనింగ్, టీచర్" అంది. అడక్కుండానే రెండో అమ్మాయి లేచి, "షి ఈజ్ మై గ్రాండ్‌మదర్" అంది. క్లాసు గొల్లుమంది.

బయటికొచ్చాక మేడమ్ నవ్వలేదు.

"పిల్లలు మంచిగనే చెప్పిండ్రు. నువ్వే ఒక్క ప్రశ్న సుత అడగలే."

"సారీ మేడమ్. నాకీ పని రాదేమో. మానేస్తాను."

"గప్పుడే పరేషానా? రేపు ఉత్త చేతులతో పో. తప్పులు రానియ్యి. తప్పు చెప్పిందంటే పిల్ల నోరు తెరిచినట్టే గదా."

మర్నాడు, మీ ఇంట్లో ఎవరేం చేస్తారని అడిగాను. ఎవరూ లేవలేదు. అలాంటప్పుడు మేడమ్ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకునేవారు, పిల్లల మీద చూపు పడకుండా. చివరికి కిటికీ పక్క అమ్మాయి లేచింది. "మై నాయనమ్మ సెల్లింగ్ కొత్తిమీర." సరిదిద్దబోయాను. వెనకనుంచి చిన్నగా వినిపించింది: "ఆగు, జెర ఆగు." ఆ అమ్మాయి ఇంకో రెండు వాక్యాలు చెప్పింది. నేను ఈ పనిలో మిగిలిపోయింది ఆ రెండు వాక్యాల వల్లే.

ఏ.ఎస్. రావు నగర్‌లో టీచరు ఉద్యోగం వచ్చాక మేడమ్ ఫోన్ చేసేవారు.

"ఏందమ్మా, నీ క్లాసుకు ఎప్పుడు పిలుస్తవ్?"

"ఇంకొంచెం బాగా చెప్పడం వచ్చాక, మేడమ్."

"ఇంకా రిహార్సలేనా?" అని నవ్వేవారు. ఆ నవ్వులో ఎదురుచూపు ఉందని నాకు తట్టలేదు.

గురువారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. మేడమ్ భర్త నన్ను గుర్తుపట్టారు.

"ఈ వారమన్న నువ్వు క్లాసుకు పిలుస్తవని చీర ఇస్త్రీకి ఇచ్చిందమ్మా. ఇస్త్రీ ఆయనకు సంగతి తెల్వదు. పొద్దుగాల తెచ్చిచ్చిండు."

గుమ్మం పక్క కుర్చీలో ఆకుపచ్చ నేత చీర, మడత విప్పకుండా. వచ్చినవాళ్లు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. కూర్చోవడానికి చోటు లేకపోయినా, ఆ కుర్చీలోంచి చీర ఎవరూ తీయలేదు.